పొగగొట్టాల మీద తుప్పు

ఇర్వింగ్, టెక్సస్
ఫిబ్రవరి 2, 2025

మామయ్యా,

నమస్కారం. మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఫోన్ చేస్తే రేణు ఎత్తి, నాన్న స్నానం చేస్తున్నారంటోంది. మూడు వారాలుగా మీరు స్నానమే చేస్తున్నారు. కాగితమైతే చదవకుండా పక్కన పెట్టరని రాస్తున్నాను.

మనవరాలు నైనిక పుట్టినరోజుకని చెప్పి ఒక వారానికి వెళ్లిన మనిషి తిరుగు టికెట్ క్యాన్సిల్ చేసుకున్నారని అమ్మ చెప్పింది. అమ్మ అప్పట్నుంచి నాతో సరిగా మాట్లాడడం లేదు. తమ్ముడు అలిగి వెళ్లిపోయాడని ఆమె బాధ. అలకకు కారణం నేనే కాబట్టి నోరెత్తలేను.

నేను చేసింది తప్పే మామయ్యా. సుఖ్‌దేవ్ గారి ఆరు ట్రక్కులకు మనం బిగించిన పొగగొట్టాల మీద రెండు నెలలు తిరక్కుండానే గోధుమరంగు మచ్చలు తేలేసరికి నేను హడలిపోయాను. చికాగో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు వల్ల అనుకున్నాం మొదట. పైపే నకిలీదని ఆయన అరిచాడు. ముక్క కోసి ల్యాబ్‌కి పంపితే, పైపు అసలైన స్టెయిన్‌లెస్సే, దాని మీద మామూలు ఇనుప రజను అంటుకుని ఉంది, తుప్పు పట్టింది ఆ రజనే అని రిపోర్ట్ వచ్చింది. అంటే వెల్డింగ్ అయ్యాక అతుకు శుభ్రం చేసేటప్పుడు ఎవరో తెల్ల టేపు చుట్టిన స్టెయిన్‌లెస్ బ్రష్ బదులు, పసుపు టేపు చుట్టిన ఇనుప బ్రష్‌తో రుద్దారు. ఆ ఆరింటి పనీ చేసింది ఇద్దరే. మీరూ, హెక్టరూ.

మిమ్మల్నిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి అడిగాను. ముప్ఫై ఒక్క ఏళ్లు విశాఖపట్నంలో ఓడలకు వెల్డింగ్ చేసిన మనిషిని, వైర్ బ్రష్ పట్టుకోవడం వచ్చా అన్నట్టు నలుగురి ముందు అడిగాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం పోయాక నేనీ షాపు కొంటానంటే కాపెల్‌లో అమ్మ చుట్టుపక్కల మనవాళ్లలో నవ్వనివాళ్లు లేరు. ఆడపిల్లవి, ట్రక్కుల సైలెన్సర్లు నీకెందుకన్నారు. మీరొక్కరే వచ్చి మిషన్లన్నీ తడిమి చూసి, బాగున్నాయమ్మా, కొను అన్నారు. అలాంటి మిమ్మల్ని అడిగాను. మీరు తల వంచుకున్నారు. మిమ్మల్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

హెక్టర్‌ని ఆ సాయంత్రమే పనిలోంచి పంపేశాను. అది కాస్త ముందే చేసి ఉంటే మీకు ఆ అవమానం తప్పేది. క్షమించండి. మా ఆయన రాజీవ్ కూడా మిమ్మల్ని రమ్మని చెప్పమన్నాడు.

మీ మేనకోడలు
నమ్రత


ఐసెలిన్, న్యూజెర్సీ
ఫిబ్రవరి 13, 2025

చిరంజీవి నమ్రతకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. రేణు చదివి వినిపిస్తానంది. వద్దని నేనే చదువుకున్నాను. రెండు పూటలు పట్టింది. నా అక్షరాలు ఇంత పెద్దవిగా ఉన్నాయేమిటని నవ్వకు.

ఇక్కడ మంచు విపరీతంగా పడుతోంది. బయటికి వెళ్లేది ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయల కొట్టు దాకానే. నైనిక నా చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. "తాతా, ఇక్కడ స్టెప్ ఉంది, చూడు" అంటుంది. దాని తెలుగులో ప్రతి మాటా చివర కొంచెం అరిగిపోయి ఉంటుంది కానీ వినడానికి బాగుంటుంది. మొన్న వాళ్ల బడిలో కుటుంబంలో ఒకరి గురించి చెప్పమంటే నా గురించి చెప్పిందట. మా తాత షిప్పులు అతికించాడు, ఒక్కటీ మునగలేదు అని చెప్పిందట. రేణు ఆ మాట చెప్పి మురిసిపోయింది. నేను లేచి లోపలికి వెళ్లాను.

అమ్మా, నువ్వు నన్ను క్షమాపణ అడగవద్దు. నాకు నీ మీద కోపం లేదు, అలక లేదు. నువ్వు అడగవలసిందే అడిగావు. షాపు నీది. తప్పు జరిగితే ఎవరినైనా అడగాలి. ఇంకా గట్టిగా అడగవలసింది.

ఆ మచ్చల సంగతి. నిమ్మ ఉప్పు వేడినీళ్లలో చిక్కగా కలిపి గుడ్డతో పట్టించి, ఒక గంట ఉంచి కడిగించు. రజను విడిపోతుంది. పైపుకి లోపల ఏమీ కాలేదు, అది నిక్షేపంగా ఉంటుంది. ఇసుక కాగితంతో మాత్రం రుద్దనివ్వకు.

హెక్టర్ ఏం చేస్తున్నాడు? ఎక్కడైనా పనిలో చేరాడా? తెలిస్తే రాయి. అతను మంచి పనివాడు. నువ్వు షాపు కొనకముందు నుంచి పదకొండేళ్లు అక్కడే ఉన్నవాడు. పొరపాటు ఎవరిదైనా కావచ్చు కదా అనిపిస్తుంది నాకు.

అక్కకు నా నమస్కారాలు. ఇప్పట్లో రాలేను.

వీరాంజనేయులు


ఇర్వింగ్
ఫిబ్రవరి 26, 2025

మామయ్యా,

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. 'ఇంకా గట్టిగా అడగవలసింది' అన్న చోట అమ్మ ఏడ్చింది. వాడికి ఎంత నొప్పి కలిగితే అలా ఎత్తిపొడుస్తాడు అంది. నా తమ్ముణ్ణి తీసుకెళ్లి పనివాడి పక్కన నిలబెట్టావు అని మళ్లీ మొదలుపెట్టింది. నాకూ అది ఎత్తిపొడుపులాగే తగిలింది. పడతాను. మీరు ఎన్ని అన్నా పడతాను.

మంచి కబురు ఏమిటంటే నిమ్మ ఉప్పు పనిచేసింది. మొదటి ట్రక్కు కడిగిన రోజు సుఖ్‌దేవ్ గారు గొట్టంలో తన మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు. మిగతావి చికాగో దగ్గర జోలియెట్‌లో ఆయన యార్డులో ఉన్నాయి. ఏప్రిల్‌లో నేనే మనుషుల్ని తీసుకుని వెళ్లి కడిగించి రావాలి. ఇది ఎవరి వల్ల జరిగిందని అడిగాడు. చేసినవాణ్ణి తీసేశాం, మా మామయ్య ఉండగా ఇక ఇలాంటిది జరగదు అని చెప్పాను. ఆయన తృప్తిపడ్డాడు.

హెక్టర్ గురించి అడిగారు. మీ మంచితనం అది. కానీ తప్పు చేసినవాడు ఒప్పుకుని ఉంటే నేనూ కరిగేదాన్ని. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ చేయలేదన్నాడు. గ్రాండ్ ప్రేరీలో ఒక ట్రక్కుల వర్క్‌షాప్ వాళ్లు పోయిన వారం ఫోన్ చేశారు. అతను అక్కడ అప్లై చేశాడట. అతనితో మీ అనుభవం ఏమిటని అడిగారు. అబద్ధం చెప్పలేను కదా. పని వచ్చు కానీ నిర్లక్ష్యం ఉంది, అడిగితే నిజం చెప్పడు అన్నాను. వాళ్లు థాంక్స్ చెప్పి పెట్టేశారు. తీసుకోలేదని విన్నాను. ఆ మాట అన్నాక కొంచెం ఎలాగో అనిపించింది. కానీ ఉన్నదే చెప్పాను.

ఎప్పుడు వస్తారో చెప్పండి. టికెట్ నేను బుక్ చేస్తాను.

నమ్రత


ఐసెలిన్
మార్చి 8, 2025

నమ్రతా,

ఆశీస్సులు రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. ఈ ఉత్తరం చదివాక నీకు అర్థమవుతుంది.

ఆ బ్రష్ నాది. ఆరు ట్రక్కులకూ ఇనుప బ్రష్‌తో రుద్దింది నేను. హెక్టర్ కాదు.

నా కళ్లలో శుక్లాలున్నాయి. రెండు కళ్లలోనూ. పోయిన దసరా నాటికే తేడా తెలుస్తోంది. లోకమంతా పాత టీ మరకలాగా కనిపించేది. తెల్ల టేపూ పసుపు టేపూ నాకు ఒకటే రంగు. వయసు కదా అని సర్దుకున్నాను. హెక్టర్ కనిపెట్టాడు. నేను తప్పు బ్రష్ తీసినప్పుడల్లా ఏమీ అనకుండా నా చేతిలోంచి తీసుకుని రెండోది పెట్టేవాడు. ఎన్నిసార్లో లెక్కలేదు. నవంబరు మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం భోజనం మానుకుని తన కారులో నన్ను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆపరేషన్ చేయించుకోవాలి, అప్పటిదాకా వెల్డింగ్ జోలికి వెళ్లవద్దని డాక్టర్ చెప్పింది. దారిలో నేను హెక్టర్ని అడిగాను. నా మేనకోడలికి చెప్పకు, మా అక్కకు చెప్పకు, మనిద్దరి మధ్యే ఉండనీ అన్నాను. అతను సరేనన్నాడు. ఆ తర్వాత ఆ ఆరింటి అతుకులు శుభ్రం చేసిన రెండు రోజులూ అతను వేరే ట్రక్కు కింద ఉన్నాడు. నా చేతిలోంచి తీసుకునేవాళ్లు లేకపోయారు.

నువ్వు మమ్మల్ని నిలబెట్టి అడిగిన రోజు అతనికి అన్నీ తెలుసు. నువ్వు అతణ్ణి అడిగినప్పుడల్లా నన్ను చూశాడు. నేను చెబుతానని చూశాడు. నేను చేయలేదు అన్నాడే గాని ఇతను చేశాడు అనలేదు. నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. నేను నేలను చూస్తూ నిలబడ్డాను. నువ్వు దాన్ని అవమానం అనుకున్నావు. మీ అమ్మ అలక అనుకుంది. అది పిరికితనం.

ఎందుకు చెప్పలేదంటే పెద్ద కారణమేమీ లేదు. ఓడల యార్డులో నా అతుకు చూసి కొత్తవాళ్లు నేర్చుకునేవాళ్లు. ఇక్కడికి వచ్చాక ఆ గౌరవం ఒక్కటే నాతో వచ్చింది. ఇంగ్లీషు రాదు, డ్రైవింగ్ రాదు, ఒకరు తీసుకెళ్తే వెళ్లడం, తీసుకొస్తే రావడం. షాపులో అడుగుపెడితే మాత్రం నేను మనిషిని. అది పోతుందని భయం. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ సాయంత్రం అతను తన పనిముట్ల పెట్టె కారులో పెట్టుకుంటుంటే గాజు తలుపు వెనక నిలబడి చూశాను. బయటికి వెళ్లలేకపోయాను. ఇక ఆ షాపులో ఉండలేక ఇటు వచ్చేశాను.

నీ మొదటి ఉత్తరంలో నువ్వు క్షమించమని రాసినప్పుడే చెప్పవలసింది. కాని నిమ్మ ఉప్పు గురించి రాసి ఊరుకున్నాను. ఇప్పుడు నీ నోటితో అతని బతుకు మీద కొట్టించాను. గ్రాండ్ ప్రేరీ వాళ్లకు నువ్వు చెప్పినది నా మాట. నీది కాదు.

నన్ను ఏమన్నా అను. ముందు ఆ ఫోన్ చెయ్యి.

వీరాంజనేయులు


ఇర్వింగ్
మార్చి 17, 2025

మామయ్యా,

ఉత్తరం అందిన రోజే గ్రాండ్ ప్రేరీకి ఫోన్ చేశాను. నేను చెప్పింది తప్పు, ఆ మనిషి చేయలేదు, అబద్ధం చెప్పలేదు, చెప్పింది నేనే అన్నాను. ఆ పోస్ట్‌లో వేరేవాళ్లను తీసుకున్నామని మేనేజర్ చెప్పాడు.

శనివారం హెక్టర్ ఇంటికి వెళ్లాను. డ్రైవ్‌వేలో తన పికప్ బానెట్ ఎత్తి ఏదో చూసుకుంటున్నాడు. ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. మీరు రాసినదంతా చెప్పాను. ఆశ్చర్యపోలేదు. అతని తండ్రికీ ఇలాగే కళ్లు పోయాయట, ఆయన కూడా ఎవరికీ చెప్పేవాడు కాదట. నన్ను క్షమించమని అడిగాను. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"నన్ను మూడుసార్లు అడిగావు. ఆయన్ని ఒక్కసారే అడిగావు. ఆయన జవాబు చెప్పకపోతే రెండోసారి అడగలేదు."

దానికి నా దగ్గర జవాబు ఉంది. అతనికి చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను. నాకు తెలుసు మామయ్యా. తెలుసు అంటే, తెలుసుకోకూడదని అనుకున్నాను. డిసెంబరులో మీరు గ్యాస్ సిలిండర్ మీటర్‌కి ముక్కు ఆనించి అంకెలు చూస్తుంటే ఆఫీస్ గదిలోంచి చూశాను. కళ్లు చూపించాలి, తీరిక చూసుకుని అడుగుదాం అనుకున్నాను. ల్యాబ్ రిపోర్ట్ చదివినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ మీటరే. దాన్ని పక్కకు తోసేశాను. మీ పేరు బయటికొస్తే అమ్మకు ఏం చెప్పాలి, కాపెల్‌లో ఎవరికి ఏం చెప్పాలి? హెక్టర్ అయితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. అయిపోయింది కూడా. మీరు నేలను చూశారు. నేను మీరు నేలను చూడడం చూసి, అటునుంచి కళ్లు తిప్పుకున్నాను.

ల్యాబ్ రిపోర్టును పది మందికి చూపించి, మన షాపు పైపు మంచిదని రుజువైందని గొప్పగా చెప్పుకున్నదాన్ని.

అతన్ని తిరిగి పనిలోకి రమ్మన్నాను. ఆలోచిస్తానని కూడా అనలేదు. మీరు క్షమాపణ ఉత్తరం రాస్తారేమో, ఇస్తాను అంటే వద్దన్నాడు. "ఆయన ఎక్కడ మాట్లాడలేదో అక్కడికొచ్చి మాట్లాడమను" అన్నాడు.

మీరు రావాలో వద్దో నేను చెప్పను. టికెట్ కూడా బుక్ చేయను. ఏప్రిల్ రెండు, మూడు వారాలూ నేను జోలియెట్‌లో ఉంటాను. నేను లేనప్పుడు రావడమే మంచిది. నేనుంటే మళ్లీ ఏదో ఒకటి సర్దేయడానికి చూస్తాను.

అమ్మకు అంతా చెప్పాను. ఇంట్లోవాళ్లకు చెప్పాడు చాలు కదా, పనివాళ్ల ముందెందుకు అంది. నేను కారెక్కాను.

నమ్రత


కాపెల్, టెక్సస్
ఏప్రిల్ 13, 2025

నమ్రతకు,

మీ అమ్మ ఇంటి నుంచి రాస్తున్నాను. నువ్వు జోలియెట్‌లో దిగిన హోటల్ అడ్రస్ రాజీవ్ ఇచ్చాడు. ఫోన్ చేయవచ్చు కదా అన్నాడు. ఫోనులో నువ్వు మధ్యలో ఏదైనా అంటే నేను ఆపేస్తాను. ఇది ఆపకుండా చెప్పాలి.

గురువారం దిగాను. రేణు తోడు వస్తానంది, వద్దన్నాను. దానికి అన్నీ చెప్పాను. విని, చాలాసేపు గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. నైనికకు మాత్రం ఇంకా చెప్పలేదు. అదీ నేనే చెప్పాలి.

శుక్రవారం మధ్యాహ్నం రాజీవ్ నన్ను షాపు దగ్గర దింపి వెళ్లాడు. భోజనాల వేళ. నువ్వు జోలియెట్ తీసుకెళ్లినవాళ్లు పోగా మిగిలిన ముగ్గురూ బల్ల దగ్గర ఉన్నారు. హెక్టర్‌కి రాజీవ్ చేత కబురు పంపాను, వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. తలుపు దగ్గరే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాకున్న ఇంగ్లీషు నీకు తెలుసు. రాంగ్ బ్రష్ నేను వాడాను, నా కళ్లు బాగాలేవు, హెక్టర్‌కి తెలుసు, చెప్పవద్దని నేనే అడిగాను, అతన్ని పంపేస్తుంటే నేను మాట్లాడలేదు. ఇంతే అన్నాను. విమానంలో ఇంకా చాలా కూడబలుక్కున్నాను కాని ఇంతే వచ్చింది. ఒకతను తినడం ఆపలేదు. ఇంకొకతను తల ఊపాడు. బయట ఎవరిదో ట్రక్కు ఇంజన్ ఆన్‌లోనే ఉంది, అది కూడా వినపడుతోంది.

హెక్టర్ నీ గురించి అడిగాడు, ఊళ్లో ఉందా అని. లేదన్నాను. సరే అన్నాడు. తిరిగి పనిలోకి రాడు. స్కూలు బస్సులు రిపేరు చేసే డిపోలో దొరికిందట, సోమవారం చేరతాడట. ఇక్కడ చేసిన పనికి అది దిగుడే. చేతిలో వెల్డింగ్ టార్చ్ ఉండదు, ఆయిల్ మార్చడం, టైర్లు మార్చడం. అలాంటి చేతికి ఆ పని నా వల్ల వచ్చింది. ఇది సర్దుబాటు అయ్యేది కాదు. అయిందని నువ్వూ అనుకోకు.

నేను వెళ్లబోతుంటే ఒక్క మాటన్నాడు. తన కూతురు పదిహేనేళ్లది. దానికి, పని తనంతట తనే మానేశానని చెప్పాడట. నాన్న పొగరుతో మంచి పని వదులుకున్నాడని ఆ పిల్ల మూడు నెలలుగా అతనితో సరిగా మాట్లాడడం లేదట. "ఆదివారం మా ఇంటికి రా. అది నీ నోటితో వినాలి" అన్నాడు.

ఈరోజు వెళ్లాను. అక్క తీసుకెళ్లింది. పనివాళ్ల ముందెందుకు అన్న మనిషే, కారు నడిపింది. ఇంటి ముందు ఆపి, "నేనూ లోపలికి రానా?" అని అడిగింది. వద్దక్కా అన్నాను. చిన్నప్పట్నుంచీ నేను ఆమెకు ఎదురు చెప్పిన మాట బహుశా అదొక్కటే. కారులోనే కూర్చుంది.

హెక్టర్, అతని భార్య, ఆ పిల్ల ముగ్గురూ ముందుగదిలో ఉన్నారు. భార్యకు ఇంగ్లీషు నాకంటే తక్కువ. నేను నిలబడే ఒక్కో వాక్యం చెబుతుంటే పిల్ల తల్లికి స్పానిష్‌లో చెప్పింది. మీ నాన్న పని మానలేదు, తీసేశారు. తప్పు ఆయనది కాదు, నాది. ఆయనకు తెలిసీ నా పేరు చెప్పలేదు, నాకు మాట ఇచ్చాడు కాబట్టి. అక్కడికి వచ్చేసరికి ఆ పిల్ల తల్లికి చెప్పడం ఆపేసి తండ్రి వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

పిల్ల నా వైపు తిరిగి అడిగింది. "మరి మీరెందుకు చెప్పలేదు?"

దానికి ఇంగ్లీషు దొరకలేదమ్మా. భయం అనే మాట వచ్చు, పొరపాటు అనే మాట వచ్చు. ఆ రెండూ కాదు. "సిగ్గేసింది తల్లీ" అని తెలుగులోనే అన్నాను.

ఆ పిల్ల నన్ను కాసేపు చూసింది. తల్లి వైపు తిరిగి ఏదో చెప్పింది, ఒక్క మాట. ఏ మాట చెప్పిందో నాకు తెలియదు. ఆ ఇల్లాలు లేచి లోపలికి వెళ్లింది. ఇక వెళ్లమంటారేమోనని నేను తలుపు వైపు జరిగాను. ఆమె వంటింట్లోంచి ఒక కుర్చీ మోసుకొచ్చి నా పక్కన వేసింది.

వీరాంజనేయులు